హేమిస్ లోయల్లో వంతు: మంచు చిరుత వీక్షణ యాత్రల పూర్వాపరాలు

హిమాలయ ప్రధానశ్రేణికి ఉత్తరాన, సింధునదికి దక్షిణాన లడఖ్ ప్రాంతంలో విస్తరించిన హేమిస్ జాతీయోద్యానం వైశాల్యం సుమారు 4,400 చదరపు కిలోమీటర్లు. మన దేశంలోని జాతీయోద్యానాలన్నింటిలోకీ ఇదే పెద్దది. 17వ శతాబ్దంలో సెంగే నంగ్యాల్ రాజు పోషణలో వెలసిన హేమిస్ బౌద్ధారామం పేరు దీనికి వచ్చింది. చెట్టుచేమలు అరుదైన ఈ శీతల మరుభూమికి జనవరి నుంచి మార్చి వరకు, రాత్రివేళ ఉష్ణోగ్రత సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువకు పడిపోయే రోజుల్లో, దేశ విదేశాల నుంచి యాత్రికులు వస్తారు. గంటల తరబడి ఒకచోట కూర్చుని ఎదుటి కొండవాలులను టెలిస్కోపులతో గాలిస్తారు. వారు చూడగోరేది మంచు చిరుతను. దానిని వెతికి చూపేవాడు ఆ లోయల్లో పుట్టి పెరిగిన లడాఖీ మార్గదర్శకుడు.

ఈ వీక్షణ యాత్రలు గత రెండు దశాబ్దాల్లో రూపుదిద్దుకొన్న కొత్త వ్యాపకంగా పైకి కనిపిస్తాయి. కాని పరాయివారికి కొండదారి చూపడం, వారి సామాను మోయడం, మృగం తిరిగే చోటుకు వారిని చేర్చడం ఇక్కడి గ్రామాలకు ఒకటిన్నర శతాబ్దాల నాటి అనుభవం. ఆ పనిని ఎవరు శాసించారు, ప్రతిఫలం ఎవరి చేతికి అందింది అన్న రెండు ప్రశ్నలకు కాలక్రమంలో సమాధానాలు మారుతూ వచ్చాయి. హేమిస్‌లో మంచు చిరుత నిలదొక్కుకోవడానికీ ఈ మార్పుకూ గల సంబంధం పరిశీలించదగినది.

దొరల వేట, గ్రామాల వంతు

1834లో జోరావర్ సింగ్ నాయకత్వాన డోగ్రా సేనలు లడఖ్‌పై దండెత్తాయి. కొన్నేళ్లలోనే నంగ్యాల్ వంశపు రాజ్యాధికారం అంతరించి, రాజకుటుంబానికి స్టోక్ గ్రామం మాత్రం మిగిలింది. నేటి ఉద్యానపు అంచున, లేహ్ పట్టణానికి ఎదురుగా సింధునది ఆవలి గట్టున ఉన్న ఊరు అదే. 1846 తర్వాత లడఖ్ జమ్మూ కాశ్మీర్ సంస్థానంలో భాగమైంది. మధ్యాసియా వర్తకాన్ని దృష్టిలో ఉంచుకొని 1870లో బ్రిటిష్ ప్రభుత్వం మహారాజా రణబీర్ సింగ్‌తో ఒప్పందం చేసుకొంది. లేహ్‌లో బ్రిటిష్ జాయింట్ కమిషనర్ నియామకంతో ఆ మార్గాన దొరల రాకపోకలు పెరిగాయి.

ఆ వచ్చినవారిలో వేసవి సెలవు దొరికిన సైనికాధికారులు ఎందరో ఉండేవారు. వారికి కావలసినవి కొమ్ములు. లడాఖీలు న్యాన్ అనే అడవి గొర్రె, శాపో అనే ఉరియల్, స్కిన్ అనే ఐబెక్స్, నాపో అనే నీలి గొర్రె వారి వేటకు గురయ్యేవి. కాశ్మీర్ దర్బారు వేటకు లైసెన్సు విధించింది. ఒక లైసెన్సుపై ఏ జంతువును ఎన్నింటిని చంపవచ్చునో నిర్ణయించింది. ఒక్కొక్క వేటగాడు ఒక్కొక్క నాలాను, అంటే ఏటిలోయను, తనదిగా చేసుకొని గుడారం వేయడం ఆనాటి ఆచారం. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో కర్నల్ వార్డ్ రచించిన కాశ్మీర్, లడఖ్ వేట మార్గదర్శి ఈ యాత్రికుల కోసం వెలువడినదే. ఏ లోయలో ఏ మృగం, ఎక్కడ మజిలీ, ఎంత సామాను అనే వివరాలు అటువంటి పుస్తకాల నిండా ఉండేవి. అయితే కొండవాలుపై కదలని జంతువును కనిపెట్టి చూపవలసినవాడు షికారీ. అతడు కాశ్మీరీ కావచ్చు, లడాఖీ కావచ్చు. పుస్తకంలో దొరకని జ్ఞానం అతనిది.

దొర సామాను కదలడానికి గుర్రాలు, జడల బర్రెలు, మనుషులు కావాలి. ఇందుకు గ్రామాలపై 'రేస్' అనే బాధ్యత ఉండేది. టిబెటన్ కుటుంబానికి చెందిన ఆ భాషలో రేస్ అంటే వంతు. వంతు వచ్చిన ఇల్లు తన గుర్రాన్నో మనిషినో తదుపరి మజిలీ వరకు పంపి తీరవలసిందే. కూలి రేటు దర్బారు నిర్ణయించినదే. బార్లీ కోతకు వచ్చిన వేళైనా, ఇంట్లో పనివాడు ఒక్కడే అయినా మినహాయింపు సులభంగా దొరికేది కాదు. స్వల్పమైన పంటకాలం గల ఈ ఎత్తైన లోయల్లో వేసవి నాటి ఒక వారం కోల్పోవడం అంటే శీతకాలపు తిండికి లోటు రావడమే. బేగారు పేరుతోనూ రేస్ పేరుతోనూ సాగిన ఈ నిర్బంధ సేవ 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల దాకా లడఖ్ గ్రామీణ జీవితాన్ని వెన్నాడింది. మృగాన్ని చూడడానికి వచ్చే పరాయివాడు గ్రామానికి ఆ రోజుల్లో భారంగానే పరిచయమయ్యాడు.

కాపరి లెక్క

మంచు చిరుతను లడాఖీలు షాన్ అంటారు. దొరల వేట జాబితాలో దానికి పెద్ద స్థానం లేదు. అది కంటబడడమే అరుదు. గ్రామస్థుడికి మాత్రం అది నిత్యజీవితంలోని శత్రువు. బార్లీ, బఠాణీ పండే చిన్న చిన్న మళ్లు, గొర్రెలు, మేకలు, జడల బర్రె సంకరమైన జో, ఇవే ఇక్కడి కుటుంబానికి ఆస్తి. పశువు ఉన్నియిస్తుంది, పాలిస్తుంది, వంటచెరకైన పిడకనిస్తుంది, చలికి తట్టుకొనే మాంసాన్నిస్తుంది. వేసవిలో పశువులు ఎత్తైన పచ్చికబయళ్లకు వెళ్తాయి. శీతకాలమంతా ఇంటి పక్కన రాతిగోడల దొడ్లలో ఉంటాయి.

ఈ దొడ్ల దగ్గరే అసలు నష్టం జరిగేది. పైకప్పు సరిగాలేని దొడ్డిలోకి దూకిన చిరుత ఒక్క జంతువుతో ఆగదు. బెదిరి పరుగెత్తే గొర్రెలు, మేకలు తప్పించుకొనే దారిలేక ఒక్కరాత్రిలో పదుల సంఖ్యలో చనిపోవడం కద్దు. తెల్లవారి దొడ్డి తలుపు తీసిన కాపరికి కుటుంబం సంపాదనలో సగం నేలపై పడి ఉంటుంది. చిరుత ఇంకా లోపలే ఉంటే ఊరివారు చేరి రాళ్లతో కొట్టి చంపేవారు. తోడేళ్ల కోసమైతే లోపలికి వంగిన రాతిగోడల గుంతలు కట్టి, అందులో మేకను ఎరగా ఉంచేవారు. ఆ గుంతల శిథిలాలు లడఖ్‌లో నేటికీ కనిపిస్తాయి. ప్రాణిహింసను పాపంగా ఎంచే బౌద్ధ సమాజం ఇది. ఆకలి, అప్పు, ధర్మం అనే మూడింటి మధ్య ఆ కాపరి నలిగిపోయేవాడనే నిజాన్ని గుర్తించకుండా ఈ కొండల వన్యప్రాణి చరిత్రను అర్థం చేసుకోవడం సాధ్యం కాదు.

ఉద్యానం, ఊళ్లు

స్వాతంత్ర్యానంతరం 1947-48 యుద్ధం, 1962 నాటి చైనా యుద్ధం లడఖ్‌ను సైనిక ప్రాముఖ్యంగల సరిహద్దుగా మార్చాయి. యాత్రికులకు ద్వారాలు మూసుకొన్నాయి. 1974లో మళ్లీ తెరచినప్పుడు ఆ ఏడాది వచ్చినవారు 527 మంది మాత్రమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జమ్మూ కాశ్మీర్‌కు వర్తించలేదు కనుక ఆ రాష్ట్రం 1978లో తన సొంత చట్టాన్ని చేసుకొంది. దాని కింద 1981లో హేమిస్ జాతీయోద్యానం ఏర్పడింది. మొదట కొన్ని వందల చదరపు కిలోమీటర్లుగా ఉన్న దాని పరిధి 1988, 1990 సంవత్సరాల విస్తరణలతో నేటి స్థాయికి చేరింది.

అయితే ఆ సరిహద్దు లోపల ఊళ్లున్నాయి. రుంబక్, మార్ఖా, సుమ్దా లోయల్లోని గ్రామాలకు పొలాలు, మేతభూములు, నీటికాలువలు, గోంపాలు శతాబ్దాలుగా ఉన్నాయి. దేశంలోని పలు పులుల అభయారణ్యాల్లో వలె ఇక్కడి ఊళ్లను తరలించలేదు. ఒకే కొండపై నీలి గొర్రె, ఊరి మేక కలిసి మేశాయి. వేట ఆగడంతో చిరుతకు రక్షణ దొరికింది, కాపరి నష్టం మాత్రం కాపరికే మిగిలింది. 1990ల చివర హేమిస్ గ్రామాల్లో జరిపిన సర్వేలో 14 నెలల వ్యవధిలో సుమారు 12 శాతం పశుసంపద వన్యమృగాల పాలైనట్లు తేలింది. అందులో సగానికి పైగా మంచు చిరుతల వల్ల జరిగిన నష్టమే. నష్టపరిహారానికి నిబంధనలున్నా, దుర్గమమైన లోయల్లో సంఘటనను ధ్రువీకరించడం, కాగితాలు లేహ్ చేరడం, సొమ్ము తిరిగి ఊరు చేరడం దీర్ఘప్రయాణాలు. జంతువును చంపడం చట్టం దృష్టిలో నేరమైంది. చంపాలనే కోపానికి కారణం మాత్రం ఆ దొడ్డిలోనే ఉండిపోయింది.

చూడాలనే ఆకాంక్ష

ఇదే కాలంలో బయటి ప్రపంచంలో మంచు చిరుత పట్ల ఆసక్తి పెరిగింది. జీవశాస్త్రవేత్త జార్జ్ షాలర్ 1970లో చిత్రాల్ కొండల్లో తీసిన ఛాయాచిత్రాలు స్వేచ్ఛగా తిరిగే మంచు చిరుతకు తీసిన తొలి చిత్రాలుగా ప్రసిద్ధి పొందాయి. 1973లో ఆయనతో కలిసి నేపాల్‌లోని డోల్పో ప్రాంతానికి వెళ్లిన రచయిత పీటర్ మాథీసన్ ఆ యాత్రపై 1978లో గ్రంథం ప్రచురించాడు. ఆ జంతువు పేరునే శీర్షికగా పెట్టుకొన్న ఆ గ్రంథ రచయితకు అది కనిపించనే లేదు. రాడ్నీ జాక్సన్ 1982లో పశ్చిమ నేపాల్‌లో మంచు చిరుతకు తొలిసారిగా రేడియో పట్టీ అమర్చి దాని సంచారాన్ని అధ్యయనం చేశాడు. ఈ కృషి ఫలితంగా హిమాలయాల్లోని ఈ గోప్యజీవిని కళ్లారా చూడాలనే ఆకాంక్ష వేట అవసరంలేని కొత్త తరం యాత్రికుల్లో నాటుకొంది.

లడఖ్‌లో మార్ఖా లోయ కాలినడక యాత్రకు అప్పటికే పేరొచ్చింది. ఆ యాత్రికుల రాక గ్రామాలకు పెద్దగా ఉపయోగపడలేదు. గుడారాలు, వంటవాళ్లు, తిండిసామగ్రి అన్నీ లేహ్ నుంచే వచ్చేవి. సామాను మోసే గుర్రాలు ఊరి పచ్చికను మేసేవి. గ్రామానికి దక్కేది గుడారం వేసుకొన్నందుకు ఇచ్చే స్వల్ప రుసుము. వెట్టి పోయింది. అయినా దారినపోయే పరాయివాడికీ దారిపక్క ఇంటికీ మధ్య దూరం అలాగే ఉంది.

దొడ్డికి కప్పు, ఇంటికి వంతు

ఈ దూరాన్ని తగ్గించిన ప్రయత్నం దొడ్డి నుంచే మొదలు కావడం గమనార్హం. లడఖ్‌లో మంచు చిరుత పరిరక్షణ సంస్థకు పునాది వేసిన రించెన్ వాంగ్‌చుక్, రాడ్నీ జాక్సన్, వారి సహచరులు 2000 ప్రాంతాల్లో గ్రామస్థులతో కూర్చుని నష్టం ఎక్కడ, ఏ ఋతువులో, ఎలా జరుగుతున్నదో వారినోటనే చెప్పించారు. పరిష్కారం సాదాసీదాది. దొడ్డి గోడ ఎత్తు పెంచడం, పైన దూలాలు వేసి ఇనుపవల పరచడం, సందులేకుండా బిగిసే తలుపు పెట్టడం. సామగ్రి సంస్థ ఇచ్చింది, రాయి, మట్టి, శ్రమ ఊరివారివి. అలా బాగుచేసిన దొడ్లలో సామూహిక వధ ఆగింది.

తర్వాతి ప్రశ్న ఆదాయం. చిరుత బతికి ఉంటే తమకేమి లాభమని గ్రామం అడగడం సహజం. అందుకు జవాబుగా 2002లో యునెస్కో తదితర సంస్థల సహకారంతో గృహాతిథ్య పథకం ఆరంభమైంది. హోమ్‌స్టే అనే పేరుతో ఇప్పుడు దేశమంతటా వినిపిస్తున్న పద్ధతికి పర్వతప్రాంతాల్లో ఇది తొలి ప్రయోగాల్లో ఒకటి. యాత్రికుడు గుడారంలో ఉండక గ్రామస్థుల ఇంట్లో ఉంటాడు, వారు వండినదే తింటాడు. పిండిముద్దలను కూరగాయలతో ఉడికించే స్క్యూ, రొట్టె, ఉప్పు వేసి చిలికిన వెన్న తేనీరు అతని భోజనం. నిర్వహణ స్త్రీలది. డబ్బు ఆ ఇల్లాలి చేతికి వస్తుంది. ఆదాయంలో సుమారు పదోవంతు గ్రామ పరిరక్షణ నిధికి చేరుతుంది. దానితో చెత్త తొలగింపు, మేతభూముల రక్షణ వంటి పనులు జరుగుతాయి. ప్లాస్టిక్ సీసాలు పేరుకోకుండా కాచిన నీటిని అమ్మడం కూడా ఇందులో భాగమే.

అతిథులు ఏ ఇంటికి వెళ్లాలనే విషయంలో గ్రామాలు ఎంచుకొన్న పద్ధతి చరిత్ర విద్యార్థిని ఆకర్షిస్తుంది. అది వంతు. ఈ రోజు ఒక ఇల్లు, రేపు పక్క ఇల్లు. దారి మొగలో ఉన్న ఇంటికీ ఊరి చివరి ఇంటికీ సమానంగా అతిథులు చేరాలన్నది నియమం. పూర్వం దర్బారు విధించిన రేస్‌లోనూ వంతే ఉంది. ఆ వంతు వచ్చినప్పుడు ఇల్లు తన గుర్రాన్నీ శ్రమనూ పోగొట్టుకొనేది. కొత్త వంతును గ్రామసభ నిర్ణయించింది, వంతు వచ్చిన ఇంటికి రాబడి వస్తుంది. పాత భారాన్ని మోసిన సామాజిక యంత్రాంగమే కొత్త లాభాన్ని పంచడానికి పనికివచ్చింది. బయటినుంచి తెచ్చిన ఏ పర్యాటక ప్రణాళికకూ ఇటువంటి సిద్ధమైన పునాది దొరకదు. 2011లో రించెన్ వాంగ్‌చుక్ మరణించే నాటికి ఈ పద్ధతి లడఖ్‌లోని ఇతర ప్రాంతాలకూ పాకింది.

చూపే విద్య

వేసవి యాత్రికుల కోసం పుట్టిన గృహాతిథ్యం క్రమంగా శీతకాలపు చిరుత యాత్రలకు ఆధారమైంది. జోజిలా కనుమ మంచుతో మూసుకొనే ఆ నెలల్లో యాత్రికులు సాధారణంగా విమానంలో లేహ్ చేరతారు. సుమారు 3,500 మీటర్ల ఎత్తులోని ఆ పట్టణంలో రెండు మూడు రోజులు విశ్రమించి పలుచని గాలికి అలవాటు పడతారు. ఆ తర్వాత జింగ్‌చెన్ మీదుగా రుంబక్ వైపు నడక. హుసింగ్, తార్‌బుంగ్ అనే పిల్లలోయలు ఈ యాత్రికులకు చిరపరిచితాలు. శీతకాలమే ఎందుకంటే, మంచుకు నీలి గొర్రెలు దిగువ వాలులకు వస్తాయి, వాటి వెంట చిరుతా దిగుతుంది. జతకట్టే కాలం కావడంతో దాని సంచారం, కేక, గుర్తులు ఎక్కువగా ఉంటాయి.

మార్గదర్శకుడు తెల్లవారకముందే గట్టుపైకి చేరతాడు. రాత్రి పడిన మంచుపై అడుగుజాడలు, రాతిపడగ కింద గోకిన నేల, బండపై మూత్రపు వాసన అతనికి అక్షరాలు. మేస్తున్న నీలి గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తి ఒకే దిక్కుకు చూస్తే ఆ దిక్కును వదలడు. బూడిదరంగు బండపై బూడిదరంగు జంతువు, చాలాసార్లు అర కిలోమీటరుకు మించిన దూరంలో, తోక కదిపితేనే తప్ప గుర్తుపట్టరానిది. ఈ పరిశీలన ఒక శిక్షణ శిబిరంలో వచ్చేది కాదు. చిన్నతనంలో మేకల వెంట తిరిగి, ఏ మలుపులో మంద చెదిరిందో, ఏ గుహ వైపు కుక్క మొరిగిందో గమనించిన కాపరికే అది అబ్బింది. మంద కాచుకోవడానికి చిరుతను కనిపెట్టే విద్య అతిథికి చిరుతను చూపే విద్యగా మారింది. పక్షుల పేర్లు, భాష, ప్రథమ చికిత్స తర్వాత నేర్చుకొన్నవి.

పులుల అడవుల్లో యాత్రికుడు జీపులో జంతువును సమీపిస్తాడు. హేమిస్‌లో జంతువు దూరంగానే ఉండిపోతుంది. అలా ఉండనివ్వడమే ఇక్కడి మర్యాద.

నేటి సమస్యలు

2019 అక్టోబరు 31న లడఖ్ కేంద్రపాలిత ప్రాంతమైంది, 1972 నాటి కేంద్ర చట్టం ఇక్కడా అమలులోకి వచ్చింది. 2021లో మంచు చిరుతను లడఖ్ తన రాష్ట్రజంతువుగా ప్రకటించింది. 2019-2023 మధ్య జరిగిన దేశవ్యాప్త గణన ఫలితాలు 2024 జనవరిలో వెలువడ్డాయి. వాటి ప్రకారం భారతదేశంలోని మంచు చిరుతల అంచనా సంఖ్య 718. అందులో 477 లడఖ్‌లోనే ఉన్నాయి. జనావాసాలను ఖాళీ చేయించకుండా, కాపరులున్న భూమిలోనే ఇది సాధ్యమైందన్న విషయం విధాననిర్ణేతలు గుర్తుంచుకోదగినది.

అయినా ఈ ఏర్పాటు సున్నితమైనది. 1974లో 527గా ఉన్న లడఖ్ యాత్రికుల సంఖ్య 2022లో ఐదు లక్షలు దాటింది. చిరుత కనిపించిందన్న వార్త ఫోనుద్వారా క్షణాల్లో పాకి, ఒకే గట్టుపై అనేక బృందాలు చేరే సందర్భాలు వస్తున్నాయి. చిల్లింగ్ దాటి మార్ఖా లోయలోకి మోటారు బాట వచ్చాక నడకదారిలోని మజిలీ ఇళ్లకు అతిథులు తగ్గడం ఒక పరిణామం. ఆహారవ్యర్థాలపై పెరిగిన ఊరకుక్కలు వన్యప్రాణులనూ పశువులనూ వేటాడడం మరొకటి. లేహ్‌లోని, మహానగరాల్లోని యాత్రాసంస్థలు ఒక్క ఇంటితోనే ఒప్పందం చేసుకొన్నచోట వంతు దెబ్బతింటుంది. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ కారణంగా యాత్రలు స్తంభించినప్పుడు, అతిథిపైనే ఆధారపడిన బతుకు ఎంత అనిశ్చితమో తెలిసివచ్చింది. ఆ రోజుల్లో ఇంటిని నిలబెట్టినవి పొలమూ మందా.

అన్నిటికంటె గంభీరమైన సమస్య మరొకటి ఉంది. చదువుకొన్న యువతరం మేకల వెంట వెళ్లడం మానుకొంటోంది. ఇది వారి హక్కు, కాదనలేనిది. కాని నేటి ఉత్తమ మార్గదర్శకులు నిన్నటి కాపరి బాలురు. మందలు తరిగిపోతే చిరుతకూ కాపరికీ మధ్య తగాదా తగ్గవచ్చు. దానితోపాటు ఆ కొండను చదివే కన్నూ తరిగిపోతుంది. మార్గదర్శకులకు శిక్షణ ఇచ్చే ప్రభుత్వ, స్వచ్ఛంద సంస్థలు పెద్దతరం కాపరుల జ్ఞానాన్ని సేకరించి బోధనలో చేర్చడం, యాత్రాసంస్థల ఒప్పందాల్లో గ్రామపు వంతును నియమంగా పెట్టడం, దొడ్ల మరమ్మతుకు నిధి నిలకడగా అందించడం తక్షణం చేయదగిన పనులు. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

ఒకప్పుడు దర్బారు ఆజ్ఞతో గుర్రాన్ని పంపిన లోయల్లో, నేడు ఊరిపెద్దలు కూర్చుని ఈసారి అతిథి ఏ ఇంటికి వెళ్లాలో నిర్ణయిస్తున్నారు. ఆ నిర్ణయం వారి చేతిలో ఉన్నంతకాలం రాతిగట్టుపై నిద్రించే షాన్‌కు ఆ ఊరి పూచీ ఉంటుంది.